సంచి మీద పేర్లు వంద, లోపల సరుకు ఒక్కటే

మిరుగు కార్తెకు పది రోజుల ముందు మా మండలంల ఒక ఇత్తనాల దుకాణం కాడ ఓ పిలగాడు కలిసిండు. డిగ్రీ చదివిండు. కొలువు దొరకక నాయినతోని ఎవుసం చేస్తున్నడు. ఫోన్ల వీడియోలు చూసి ఏడు పత్తి రకాల పేర్లు చీటీ మీద రాసుకొచ్చిండు. "అన్నా, గీ ఏడింటిల ఏది ఎయ్యమంటవ్?" అని అడిగిండు.

దుకాణం ఆయన దగ్గర ఏడు ప్యాకెట్లు తీసుకొని బల్ల మీద వరుసగ పెట్టిన. వెనుక రాసింది చదువు తమ్మీ అన్న. ఏడింటి మీద ఒక్కటే ధర. ఏడింటి మీద బీజీ-2 అనే ఉన్నది. పిలగాడు రెండు సార్లు చదివి, "మరి ఏడు కంపెనీలు ఎందుకన్నా?" అన్నడు.

ఆ ప్రశ్నకు దుకాణం కాడ నిలబడి జవాబు చెప్పుడు కాలేదు. అందుకే ఇక్కడ రాస్తున్న. నేను పదో తరగతి చదివి ఎవుసంల దిగినోణ్ని. చట్టాలు, కోర్టు తీర్పులు సంఘంల తిరుక్కుంట, తెలిసినోళ్లను అడుక్కుంట నేర్చుకున్న. మీరు గూడ నేర్చుకోవచ్చు, గంత కష్టమేం కాదు.

పోటీ అంటే ఏంది?

సంతల పది మంది వంకాయలు అమ్ముతున్నరు అనుకోండ్రి. ఒకని దగ్గర ధర ఎక్కువుంటే పక్కోని దగ్గరికి పోతం. పుచ్చులుంటే ఇంకోని దగ్గరికి పోతం. గా భయంతోనే అందరు మంచి సరుకు, సరైన రేటు పెడ్తరు. దీన్నే పోటీ అంటరు. గని ఆ పది మందికి వంకాయలు ఒక్కడే పోస్తున్నడు, పోసేటోడు చెప్పిన రేటుకే వాళ్లు కొంటున్నరు అనుకోండ్రి. అప్పుడు పది గంపలున్నా అది ఒక్కటే దుకాణం.

మన పత్తి ఇత్తనాలల్ల జరిగింది గదే. మట్టిల ఉండే బాసిల్లస్ తురింజెన్సిస్ అనే సూక్ష్మజీవి జన్యువును పత్తిల పెడితే, ఆకు తిన్న కాయతొలిచే పురుగు చస్తది. దాని పేరులోని రెండు మొదటి అక్షరాలే బీటీ. అమెరికా కంపెనీ మోన్శాంటో, మన దేశపు మహికో కలిసి మహికో మోన్శాంటో బయోటెక్ అనే సంస్థను పెట్టినయ్. 2002 మార్చిల కేంద్రం అనుమతి ఇచ్చింది. ఆ మొదటి జన్యువు పేరు బోల్‌గార్డ్. 2006ల రెండు జన్యువులున్న బోల్‌గార్డ్-2 వచ్చింది. మనం బీజీ-2 అనేది దాన్నే.

ఆ సంస్థ ఆ జన్యువును నలభైకి పైగా ఇత్తనాల కంపెనీలకు లైసెన్సు మీద ఇచ్చింది. కంపెనీలు తమ తమ హైబ్రిడ్లల్ల దాన్ని ఎక్కించి, తమ బొమ్మ ఉన్న సంచిల పోసి అమ్మినయ్. ఒక రకానికి ఇంకో రకానికి కాయ సైజు, పంటకాలం, చెట్టు తీరుల తేడా ఉంటది, కాదనను. గని మనం ఎక్కువ పైసలు పెట్టింది దేని కోసం? పురుగును ఆపే గుణం కోసం. గా గుణం అమ్మేటోడు మాత్రం ఒక్కడే. వేరే జన్యువులు గూడ అనుమతి తెచ్చుకున్నయ్. ఒకటి ఐఐటీ ఖరగ్‌పూర్‌ల పుట్టింది, ఇంకొకటి చైనా నుంచి వచ్చింది. మార్కెట్ల అవి నిలబడలేకపోయినయ్.

1,850 రూపాయల ప్యాకెట్

2005 వానకాలం నాకు బాగ యాదికున్నది. మాది నాలుగు ఎకరాల చెల్క. ఎకరానికి రెండు ప్యాకెట్లు. 450 గ్రాముల ప్యాకెట్ 1,600 నుంచి 1,850 రూపాయల దాక అమ్మేటోళ్లు. మా నాయిన ఎనిమిది ప్యాకెట్లు ఉద్దెర తెచ్చిండు. ఉద్దెర అంటే వట్టిగ ఇయ్యరు గదా, మిత్తి ఏసుకుంటరు. అడిగిన రకం కావాలంటే ఏదో పురుగు మందు డబ్బా, రెండు ఎరువు బస్తాలు సుత కొనాలె అని లింకు పెట్టిండు దుకాణపాయన. ఆ మందు మాకు అక్కర లేదు. అయినా తెచ్చినం. అది పోటీ చట్టం కింద తప్పు కావచ్చని నాకు పదేండ్ల తర్వాత తెలిసింది.

మా నాయిన ఇచ్చిన 1,850ల ఎంత ఇత్తనానికి, ఎంత జన్యువుకు పోయింది? ప్యాకెట్ మీద దాదాపు 1,250 రూపాయలు రాయల్టీనే. ఇత్తనం పండించిన రైతు చెమట, శుద్ధి చేసుడు, సంచి, లారీ కిరాయి, దుకాణం కమీషన్ అన్నీ కలిపి ఆరు వందలు. పురుగును ఆపుతదనే మాటకు దానికి రెండింతలు.

అదే ఏడు ఇంకో సంగతి జరిగింది. మొదటి అనుమతి పొందిన మూడు మహికో రకాలు మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ల సరిగ్గ పండలేదని వరంగల్ దిక్కు రైతులు రోడ్డెక్కి, పరిహారం అడిగి లొల్లి చేసిన్రు. 2005 మే నెలల కేంద్రం ఆ మూడు రకాలకు మన రాష్ట్రంల అనుమతి పొడిగియ్యలే. రైతు ఊకోకుంటే ఏమయితదో అప్పుడు చూసినం.

2006: మొదటి గెలుపు

2006 మొదట్ల ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఢిల్లీల గుత్త వ్యాపారాల కమిషన్ ముందట కేసు ఏసింది. అప్పట్ల దాన్ని ఎంఆర్టీపీ కమిషన్ అనేటోళ్లు. ప్రభుత్వం తనంతట తాను నిద్ర లేచి పోలే. పత్తి రైతుల ఆత్మహత్యలు, రైతు సంఘాల ధర్నాలు, పేపర్లల్ల వార్తలు అన్నీ కలిసి దాన్ని అక్కడిదాక నెట్టినయ్. అడిగిన ప్రశ్న సాదాసీదాది: ఇదే జన్యువుకు చైనాల రైతు గింత కట్టకుంటే, మన రైతు ఎందుకు కట్టాలె?

2006 మేల కమిషన్ మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. ఈ రాయల్టీ న్యాయం కాదు, చైనా అసోంటి దేశాలల్ల తీసుకునే తీరు చూసి రేటు తగ్గియ్యాలె అన్నది. వెంటనే రాష్ట్ర ప్రభుత్వం ప్యాకెట్ 750 రూపాయలకు మించి అమ్మొద్దని చెప్పింది. కంపెనీ సుప్రీంకోర్టుకు పోయింది గని ధర ఆగలే. ఇది చూసి వేరే రాష్ట్రాలు సుత అదే తొవ్వ పట్టినయ్. 2007ల రాష్ట్రం పత్తి ఇత్తనాల మీద సొంత చట్టం చేసుకున్నది.

మా ఇంటి లెక్కల చెప్తే, ప్యాకెట్ మీద 1,100 తగ్గింది. ఎనిమిది ప్యాకెట్లకు 8,800. ఆ ఏడు ఆ పైసలతోనే మా చెల్లె ఇంటర్ ఫీజు కట్టినం. పోటీ చట్టం అంటే ఢిల్లీల పెద్దోళ్ల ముచ్చట అనుకునేటోళ్లకు నేను ఇదే చెప్త.

కంపెనీల లడాయిల రైతు ఎక్కడున్నడు?

ఎంఆర్టీపీ కమిషన్ పోయి, 2002 పోటీ చట్టం కింద కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా వచ్చింది. పొట్టిగ సీసీఐ. 2009ల అది కేసులు పట్టుడు మొదలువెట్టింది. 2015ల మోన్శాంటోకు, దాని నుంచి లైసెన్సు తీసుకున్న హైదరాబాద్ కంపెనీ నూజివీడు సీడ్స్‌కు రాయల్టీ కాడ చెడింది. నూజివీడు, దానితోని ఇంకొన్ని కంపెనీలు సీసీఐకి పోయినయ్. కేంద్ర వ్యవసాయ శాఖ పోయింది. తెలంగాణ ప్రభుత్వం, అఖిల భారత కిసాన్ సభ గూడ ఫిర్యాదులు ఇచ్చినయ్.

2016 ఫిబ్రవరిల సీసీఐ విచారణకు ఆదేశం ఇచ్చింది. లైసెన్సు ఒప్పందాలల్ల షరతులు గట్టిగ ఉన్నయ్, ఒప్పందం రద్దయితే ఆ జన్యువున్న తల్లి ఇత్తనాలను గూడ నాశనం చెయ్యాలె, గిట్లయితే ఎవడు ఇంకో జన్యువు దిక్కు పోతడు అనేది దాని అనుమానం. మన వంకాయల సంతల చెప్పాలంటే, "నా దగ్గర కొనుడు బంద్ చేస్తే నీ గంప సుత కాలవెట్టాలె" అన్నట్టు.

ఇంకో దిక్కు కేంద్రం 2015 డిసెంబర్‌ల పత్తి ఇత్తనాల ధరల నియంత్రణ ఉత్తర్వు తెచ్చింది. 2016ల బీజీ-2 ప్యాకెట్ 800, అందుల రాయల్టీ 49 అని కట్టింది. 2018ల రాయల్టీ 39కి, 2019ల 20కి దిగింది. 2020 నుంచి సున్న.

పేటెంటు మీద గూడ కోర్టుల కొట్లాట నడిచింది. ఇత్తనం, మొక్కల మీద పేటెంటు చెల్లదని మన పేటెంట్ చట్టం సెక్షన్ 3(జె) అంటది. దాని ఆధారంగ 2018 ఏప్రిల్‌ల ఢిల్లీ హైకోర్టు ఆ పేటెంటు చెల్లదన్నది. 2019 జనవరిల సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కకు పెట్టి, సాక్ష్యాలతోని పూర్తి విచారణ చెయ్యమని వాపస్ పంపింది.

ఆ పూర్తి విచారణ జరగనే లేదు. 2021 మార్చిల రెండు కంపెనీలు రాజీ పడ్డయ్. అప్పటికి మోన్శాంటోను జర్మనీ కంపెనీ బేయర్ కొనేసింది. ఇత్తనం మీద పేటెంటు చెల్లుతదా లేదా అనే ప్రశ్న మనకు పానం అసోంటిది. దానికి జవాబు రాకుండనే లడాయి ఒడిసింది. 2023 జులైల ఢిల్లీ హైకోర్టు ఇంకో మాట చెప్పింది: పేటెంటు లైసెన్సుల సంగతి పేటెంట్ చట్టమే చూసుకుంటది, సీసీఐ విచారణ చెయ్యరాదు. 2025 సెప్టెంబర్‌ల సుప్రీంకోర్టు సీసీఐ అప్పీలును కొట్టేసింది.

నూజివీడు కొట్లాడింది తన లాభం కోసం. తప్పేం లేదు, వ్యాపారం అట్లనే ఉంటది. మనకు ధర తగ్గింది గూడ. గని వాళ్లకు గిట్టుబాటైన రోజు వాళ్లు రాజీ పడ్డరు. ఆ బల్ల కాడ మనకు కుర్చీ లేదు. ఇంకొకని కేసుల మనం గెలిచినా ఓడినా, అది మన చేతుల లేదు. నేను ఈ ఇరువై ఏండ్లల్ల నేర్చుకున్న పాఠం గిదొక్కటే.

ధర తగ్గింది, పోటీ వచ్చిందా?

2025 వానకాలంల బీజీ-2 ప్యాకెట్ 901 రూపాయలు. రాయల్టీ లేదు. బాగనే ఉన్నది గదా అనిపిస్తది. గని సంచి లోపల సరుకు చూడుండ్రి. గులాబీ రంగు పురుగు మొదటి బోల్‌గార్డ్‌కు అలవాటు పడ్డదని 2010లనే, గుజరాత్ నాలుగు జిల్లాల సంగతి చెప్పుకుంట, కంపెనే ఒప్పుకున్నది. తర్వాత నాలుగైదేండ్లకు బీజీ-2ను గూడ అది లెక్క చేస్తలేదు. పురుగును ఆపుతదని కొన్న ఇత్తనం ఏసి, మళ్ల పురుగు మందు కొడ్తున్నం. సరుకు పని చెయ్యకున్నా అదే సరుకు కొనుడంటే, మనకు ఇంకో దుకాణం లేదని అర్థం.

ఇంకొకటి. బీటీ పత్తి ఏసే పెద్ద దేశాలల్ల ఎక్కువ శాతం సూటి రకాలే ఏస్తరు. అంటే పంటల నుంచి ఇత్తనం పక్కకు పెట్టుకుంటే మళ్ల అదే తీరు మొలుస్తది. మన దేశంల మాత్రం బీటీని దాదాపు మొత్తం హైబ్రిడ్లల్లనే పెట్టిన్రు. హైబ్రిడ్ ఇత్తనం పక్కకు పెట్టుకుంటే రెండో ఏడు పంట కలగాపులగం అయితది. గందుకే ఏటా మిరుగుకు మనం దుకాణం ముందట లైన్ల నిలబడాలె. రైతు సొంత గింజ కంటే పెద్ద పోటీదారు కంపెనీకి ఎవ్వరు లేరు. హైబ్రిడ్ ఆ పోటీదారును బరి నుంచి తప్పించింది.

సర్కారు ప్రయత్నం చెయ్యలేదా అంటే, చేసింది. 2009ల బికనేరీ నర్మా అనే సూటి రకం బీటీని సర్కారు శాస్త్రవేత్తలు రైతులకు ఇచ్చిన్రు. సొంత జన్యువు అని చెప్పిన దాంట్ల మోన్శాంటో జన్యువే కనిపించిందని తేలి ఆపేసిన్రు. ఆ తర్వాత చాన ఏండ్లకు పంజాబ్ వ్యవసాయ యూనివర్సిటీ పీఏయూ బీటీ-1 తెచ్చింది. నాగ్‌పూర్ పత్తి పరిశోధన కేంద్రం గూడ సూటి రకాలు తెచ్చింది. మా మండలం దుకాణాలల్ల అవి నాకు ఒక్కసారి సుత కనపడలే.

ఖాళీ ఉన్న కాడ దొంగ దూరుతడు. అనుమతి లేని గడ్డిమందు పత్తి లూజు సంచులల్ల రాత్రిపూట ఊర్లకు వస్తున్నది. బిల్లు ఉండదు, లాట్ నంబర్ ఉండదు, మొలవకుంటే అడిగేటోడు ఉండడు. అది పోటీ కాదు తమ్మీ, మోసం. పోలీసులు కేసులు పెడ్తున్నరు, మంచిదే. గని కూలి ఖర్చు తట్టుకోలేక రైతు అటు ఎందుకు పోతున్నడో అడగకుంట కేసులే పెడితే సరిపోదు.

ఇత్తనం పండించేటోని గోస

మనం కొనే గింజ యాడ పండుతది? మన గద్వాల దిక్కునే. పొద్దుగాల మగ పూలు తెంపుకొచ్చి, ముందు రోజు సాయంత్రం గిల్లిపెట్టిన ఆడ పూలకు ఒక్కొక్కదానికి పుప్పొడి రాస్తరు. వేళ్లు నల్లవడ్తయ్. ఆ రైతుకు చాన కాడ కంపెనీతోని కాయితం ఉండదు. నడుమ ఆర్గనైజర్ ఉంటడు. పెట్టుబడి మిత్తికి ఇచ్చేది అతనే, గింజ తీసుకునేది అతనే, పరీక్షల ఫెయిలయింది అని చెప్పేది గూడ అతనే. కొనేటోడు ఒక్కడే అయితే అమ్మేటోనికి బేరం ఉండదు. గిది పోటీ లేకపోవుడుకు రెండో మొఖం.

ములుగు జిల్లా వాజేడు, వెంకటాపురం దిక్కు ఆదివాసీ రైతులు ఇట్లనే మక్క ఇత్తనం ఏసి నిండ మునిగిన్రు. కాయితం లేదని మొదట ఎవరు పట్టించుకోలే. వాళ్లు గుంపుగ కూడి లొల్లి చేసిన్రు. ఆఫీసర్లు పొలాలకు వచ్చి చూసిన్రు, రైతు కమిషన్ కదిలింది. 2025ల కంపెనీల నుంచి కోట్ల రూపాయల పరిహారం ఇప్పిచ్చిన్రు. ఒక్కొక్కడు పోతే ఆర్గనైజర్ గేటు గూడ తియ్యకపోవు.

మన చేతుల ఉన్న చట్టాలు

2001 మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం. సెక్షన్ 39 ప్రకారం రైతు తన పంట గింజను దాచుకోవచ్చు, మళ్ల ఏసుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు. కంపెనీ బ్రాండు పేరు పెట్టి మాత్రం అమ్మొద్దు. ఈ చట్టం కింద రిజిస్టర్ అయిన రకం కంపెనీ చెప్పినట్టు పండకుంటే పరిహారం అడిగే హక్కు గూడ దీంట్లనే ఉన్నది. రిజిస్టర్ చేసిన మూడేండ్లకు ఆ ఇత్తనం సరైన ధరకు దొరకకుంటే, వేరేటోళ్లకు లైసెన్సు ఇప్పియ్యమని అడగొచ్చని సెక్షన్ 47 అంటది.

2019ల గుజరాత్‌ల పెప్సికో కంపెనీ, తన ఆలుగడ్డ రకం పండించిన్రని చిన్న రైతుల మీద కోటికి పైగ దావా ఏసింది. రైతు సంఘాలు దేశమంత గీ సెక్షన్ 39నే పట్టుకొని నిలబడ్డయ్. నెల తిరగకముందే కంపెనీ కేసులు వాపస్ తీసుకున్నది.

వినియోగదారుల కమిషన్. జాతీయ విత్తన సంస్థకు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతులకు నడుమ నడిచిన కేసుల 2012ల సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది: ఇత్తనం కొన్న రైతు వినియోగదారుడే, పరిహారం కోసం అక్కడికి పోవచ్చు.

పోటీ చట్టం. సెక్షన్ 19 కింద ఏ మనిషైనా, వాళ్ల సంఘమైనా సీసీఐకి ఫిర్యాదు ఇయ్యొచ్చు. పేటెంటు లైసెన్సుల తలుపు కోర్టులు మూసినయ్. గని లింకు పెట్టి అమ్ముడు, డీలర్లంత కలిసి ఒక్క రేటు కట్టుడు అసోంటి వాటికి తలుపు తెరిచే ఉన్నది.

మరి ఏం చెయ్యాలె?

బిల్లు లేకుండ గింజ కొనొద్దు. బిల్లు మీద రకం పేరు, లాట్ నంబర్ రాపియ్యాలె. ప్యాకెట్ పారెయ్యొద్దు, పిడికెడు గింజలు అందుల్నే దాచిపెట్టాలె. పంట పోయినంక గవే సాక్ష్యం.

ఊరికి ఒక రిజిస్టర్ పెట్టుండ్రి. ఎవరు ఏ రకం ఏసిన్రు, ఎంత మొలిచింది, ఎన్ని మందులు కొట్టిన్రు, ఎన్ని క్వింటాళ్లు వచ్చింది. ఫోన్ల చేసినా చాలు. మూడేండ్ల లెక్కలు ఉంటే ఏ వీడియో చూసే పని లేదు, ఏ ఆఫీసర్ ముందటైనా నోరు లేస్తది.

గుంపుగ కొనుండ్రి. సంఘం పేరున వంద ప్యాకెట్లు అడిగితే లింకు పెట్టే ధైర్యం దుకాణపాయనకు ఉండదు. సూటి రకాలు కావాలని పరిశోధన కేంద్రాలకు సంఘం తరఫున దరఖాస్తు పెట్టుండ్రి. అడిగేటోడు లేకనే అవి గోదాముల ఉంటున్నయ్.

సొంత గింజ కాపాడుండ్రి. జహీరాబాద్ దిక్కు పస్తాపూర్‌ల డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆడవాళ్లను చూడుండ్రి. ఎక్కువ శాతం దళిత మహిళలు. జొన్నలు, కొర్రలు, కందుల పాత రకాలను బుట్టలల్ల, బూడిద కలిపి దాచిన్రు. ఒకరి గింజ తీసుకుంటే మళ్ల ఏడు ఎక్కువ చేసి వాపస్ ఇస్తరు. 2019ల ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వాళ్లకు వచ్చింది. వాళ్లను ఏ కంపెనీ ధర పెంచి భయపెట్టలేదు.

ఇగ ఆఖరు సంగతి. 1966 నాటి ఇత్తనాల చట్టం తీసేసి కొత్తది తేవాలని కేంద్రం 2025 నవంబర్‌ల ముసాయిదా బయటపెట్టింది. దాంట్ల ధర కట్టే అధికారం ఎవరిది, పంట పోతే పరిహారం ఎవరిస్తరు, ఎన్ని దినాలల్ల ఇస్తరు, ఆర్గనైజర్ల మీద ఎవరి అజమాయిషీ అని మీ ఎమ్మెల్యేను, ఎంపీని అడుగుండ్రి. కంపెనీల మనుషులు ఇప్పటికే ఢిల్లీల అడుగుతనే ఉంటరు. మనం అడగకుంటే ఆ బల్ల కాడ మళ్ల మనకు కుర్చీ ఉండదు.

ఆ పిలగాడు ఆ రోజు ఏడింటిల రెండు రకాలు తీసుకున్నడు, బిల్లు అడిగిండు. దుకాణపాయన "జీఎస్టీ పడ్తది" అని బెదిరిచ్చిండు. ఇత్తనాల మీద జీఎస్టీ లేదని పిలగాడు ఫోన్ల చూపెట్టిండు. బిల్లు వచ్చింది. వాని ఎనుక లైన్ల ఉన్నోళ్లు నలుగురు గూడ బిల్లు అడిగిన్రు.